యాసిడ్ పోసిన కొద్దీ బూజు ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: మా బాత్రూమ్‌లో షవర్ కింద టైల్స్ మధ్య ఉండే తెల్ల గీతలు (గ్రౌట్) నల్లబడిపోయాయి. మొదట్లో మూలన చిన్న చుక్కలు కనిపించేవి, ఇప్పుడు కింద మూడు వరసలూ అంతే. బాత్రూమ్ యాసిడ్ పోసి ఇనుప బ్రష్‌తో రుద్దుతున్నాను. ఆ రోజు తెల్లగా మెరుస్తుంది. ఇదివరకు నెల ఆగేది, ఇప్పుడు పదిహేను రోజులు తిరక్కుండానే మళ్లీ నలుపు. ఈమధ్య ఆ గీతల్లోంచి సిమెంట్ ఇసకలా రాలుతోంది. గోడకీ నేలకీ మధ్య ఉన్న రబ్బరులాంటి పట్టీ మీద నలుపైతే ఎంత రుద్దినా పోవట్లేదు. మావారేమో నల్ల గ్రౌట్ వేయించేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంటున్నారు. మా బాబుకి కొద్దిగా ఆయాసం ఉంది, అందుకే టెన్షన్. టైల్స్ మొత్తం పీకించాలా?

జవాబు: ముందు ఆ యాసిడ్ సీసా తీసుకెళ్లి బాబు చేతికి అందని చోట పెట్టేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మీ ఉత్తరంలో నా కళ్లు ఆగింది ‘సిమెంట్ ఇసకలా రాలుతోంది’ అన్న దగ్గర. గ్రౌట్ అంటే మరేం లేదు, సిమెంట్, సన్నటి ఇసక, కాస్త రంగు. యాసిడ్ తగలగానే బుసబుసా పొంగుతుంది చూడండి, మురికి వదులుతోందని మనం సంతోషపడతాం గానీ ఆ నురగలో కరుగుతున్నది సిమెంటే. పైపొర కరిగితే దాని మీదున్న నలుపూ దాంతోపాటే కొట్టుకుపోతుంది, కింద నుంచి కొత్త తెలుపు బయటపడుతుంది, ఆ రోజు మెరుపు అదే. కానీ పోసిన ప్రతిసారీ ఆ గీత ఇంకాస్త లోతుగా, గరుకుగా, సూదిమొనంత బెజ్జాలతో మిగులుతుంది. పింగాణీ పళ్లెం మీద నీళ్లు జారిపోతాయి, ఇటుక మీద పోస్తే ఇంకిపోతాయి. మీ గోడ నెలనెలా కొంచెం కొంచెంగా ఇటుక అవుతోంది. ఇక ఇనుప బ్రష్ సంగతి, అది గీతని చెక్కేయడమే కాకుండా దాని తీగ ముక్కలు సందుల్లో ఇరుక్కుని కొన్నాళ్లకి తుప్పు మరకలు కూడా పెడుతుంది. నెల ఆగే నలుపు పదిహేను రోజులకి వస్తోందంటే కారణం ఇదే, బూజుకి ఇల్లు పెద్దది చేసి ఇచ్చారు.

ఇప్పుడొక చిన్న పని చేయండి. ఉదయం అందరి స్నానాలూ అయ్యాక టైమ్ చూసుకోండి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి పొడి టిష్యూ కాగితం మడిచి, కింది వరస గీత మీద వేలితో గట్టిగా అదిమి చూడండి. టైల్ మీద చెయ్యి పెడితే పొడిగానే ఉంటుంది, మోసపోకండి, గీత మీదే అదమాలి. నేను మా ఇంట్లో చేసినప్పుడు ఉదయం ఎనిమిదింటి స్నానం తాలూకు తడి సాయంత్రం ఆరున్నరకి కూడా కాగితం మీద సన్నటి చారలా దిగింది. షాంపూ సీసాలు వరసగా నిలబెట్టిన మూలలోనైతే కాగితం మెత్తబడి చిరిగిపోయింది. ఆ తర్వాత రాత్రి ఇంకొకరి స్నానం, పొద్దున్నే మళ్లీ మొదలు. అంటే ఆ మూల వారంలో ఒక్క రోజు కూడా పూర్తిగా ఆరట్లేదన్నమాట.

బూజుకి కావలసినవి విత్తనం, తిండి, తడి. విత్తనాలు, అంటే స్పోర్లు, గాలిలో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, వాటిని ఆపడం ఎవరి వల్లా కాదు. తిండి మనమే పెడుతున్నాం: సబ్బు తెట్టె, ఒంటి మీంచి రాలే చర్మం పొట్టు, జిడ్డు. మిగిలింది తడి, మన చేతిలో ఉన్నదీ అదే. తడిసిన చోటు 24 నుంచి 48 గంటల్లోపు పూర్తిగా ఆరిపోతే చాలావరకు బూజు పట్టదు. మీ షవర్ దగ్గర ఆ అవకాశమే రావట్లేదు కాబట్టి మీరు ఏ మందు కొట్టినా అది పదిహేను రోజుల ముచ్చటే అవుతుంది. ఇది మనసులో పెట్టుకుని శుభ్రం చేసే పనికి వద్దాం.

శుభ్రానికి ముందు ఒక హెచ్చరిక, ఇది మాత్రం దాటేసి చదవకండి. యాసిడ్ పని చేయట్లేదని ఎవరో ఒకరు మీకు బ్లీచ్ (క్లోరిన్ వాసన వేసే ద్రావణం) వాడమని చెప్తారు, మంచి సలహానే, కానీ యాసిడ్ తడి ఉన్న చోట బ్లీచ్ పడితే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే. నేనొకసారి కమోడ్‌లో యాసిడ్ పోసి, కాసేపాగి అదే బాత్రూమ్ నేల మీద బ్లీచ్ చల్లి, రెండూ కలుస్తాయన్న ధ్యాస లేకుండా తలుపేసుకుని రుద్దడం మొదలుపెట్టాను. ముక్కులో సూదులు గుచ్చినట్టయింది, కళ్లు కారిపోయాయి, బయటికొచ్చి సాయంత్రం దాకా దగ్గుతూ కూర్చున్నాను. ఆయాసం ఉన్న పిల్లవాడు ఇంట్లో ఉండగా ఇలాంటిది జరిగితే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. వెనిగర్, నిమ్మరసం కూడా యాసిడ్ లెక్కలోకే వస్తాయి. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్లు బ్లీచ్‌తో కలిస్తే వచ్చేది వేరే వాయువు గానీ అదీ ప్రమాదమే. కాబట్టి ఆఖరిసారి యాసిడ్ పోసిన చోటు బకెట్ల కొద్దీ నీళ్లతో కడిగి, నాలుగైదు రోజులు మామూలుగా స్నానాలు జరగనిచ్చి, ఆ తర్వాతే వేరేది పట్టుకోండి.

మీ ఇంట్లో బాబు ఉన్నాడు కాబట్టి బ్లీచ్ కన్నా ముందు ఆక్సిజన్ బ్లీచ్‌తో మొదలుపెట్టమంటాను. సోడియం పెర్‌కార్బొనేట్ అని పొడి రూపంలో దొరుకుతుంది, బట్టల మీద మరకలు పోగొట్టే పొడుల్లో ఉండేది ఇదే, వాసన దాదాపు ఉండదు. గోరువెచ్చని నీళ్లు కలిపితే అందులోంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ విడుదలవుతుంది, బూజుని చంపేదీ నలుపు వదిలించేదీ అదే. అయితే నేరుగా దాన్ని పూసేయకండి. పైన సబ్బు తెట్టె ఉంటే మందు అంతా ఆ తెట్టె మీదే ఖర్చయిపోతుంది, కిందున్న బూజుకి చేరదు. అందుకని మొదట గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు వేడినీళ్లలో కలిపి, గోడంతా తడిపి, నైలాన్ బ్రష్‌తో గీతల వెంబడి రుద్ది కడిగేయండి. పాత టూత్‌బ్రష్ అయినా చాలు. పొడిగా ఉన్నప్పుడు మాత్రం రుద్దకండి, స్పోర్లు లేచి గాలిలో కలుస్తాయి, ఎప్పుడూ తడిపాకే రుద్దాలి.

తెట్టె పోయాక ఆ పొడిని గోరువెచ్చని నీళ్లతో ఇడ్లీపిండిలా జారుగా కలుపుకుని గీతల మీద పట్టించి అరగంట వదిలేయండి. ఎండిపోతున్నట్టు కనిపిస్తే మధ్యలో కాస్త నీళ్లు చిలకరించండి, ఎండితే పని ఆగిపోతుంది. తర్వాత రుద్ది కడిగేయడమే. మిగిలినదాన్ని స్ప్రే సీసాలో పోసి మూత బిగించి దాచుకోకండి, లోపల గ్యాస్ పుడుతూనే ఉంటుంది, సీసా పగిలిపోతుంది. మొదటిసారికే తెల్లగా రాకపోతే కంగారు పడొద్దు, రెండు రోజులాగి ఇంకోసారి పట్టించండి.

రెండుసార్లకీ లొంగని మచ్చలకి మాత్రం బ్లీచ్. ఒక వంతు బ్లీచ్‌కి పది వంతుల చన్నీళ్లు, వేడినీళ్లు వద్దు, దాని బలం పోతుంది. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు, కిటికీ తెరిచి, ఫ్యాన్ వేసి, బాబు ఇంట్లో లేని టైమ్ చూసుకుని చేయండి. స్పాంజితో గీతల మీద అద్దండి, స్ప్రే కొడితే ముఖం మీదికి తుంపర వస్తుంది. పది నిమిషాలు తడిగా ఉండనిచ్చి బాగా కడిగేయాలి. కలిపింది ఆ రోజే వాడేయండి, దాచుకుంటే మర్నాటికి బలం తగ్గిపోతుంది. కుళాయిల స్టీలు మీద పడితే వెంటనే కడగండి. రంగు గ్రౌట్ ఉన్నవాళ్లయితే ముందు ఓ మూల చూసుకోవాలి, వెలిసిపోతుంది.

ఇదే బ్లీచ్‌తో ఇంకో సంగతి కూడా తెలుసుకోవచ్చు. నల్లమచ్చ మీద ఒక్క చుక్క వేసి రెండు నిమిషాలు చూడండి. నలుపు తేలికపడితే అది బూజు. అలాగే మొండిగా ఉంటే మురికో, మరకో, తుప్పో అయి ఉంటుంది, దానికి బూజు మందులు దండగ. తెల్లగా పొడిలా తేలేది బూజే కాదు, సిమెంట్‌లోని లవణాలు తడితో పాటు బయటికొచ్చి ఎండినవి. అంటే గోడ లోపల తడి తిరుగుతోందని లెక్క. గులాబీ రంగులో జారుడుగా పట్టేది చాలాసార్లు బ్యాక్టీరియా, దాన్ని సబ్బునీళ్లతో రుద్ది ఆరబెడితే సరిపోతుంది.

వంటసోడా, వెనిగర్ కలిపి పోయమని మీకు కచ్చితంగా ఎవరో చెప్పే ఉంటారు. పొంగు చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి చంపుకుని చివరికి మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్లలాంటిదే. ఉత్త వెనిగర్ బూజు మీద కొంత పని చేస్తుంది గానీ అదీ యాసిడే, నెమ్మదిగా సిమెంట్‌ని తింటుంది. ఇప్పటికే రాలుతున్న మీ గ్రౌట్‌కి అది అస్సలు వద్దు. వంటసోడా ఒక్కదాన్నే నీళ్లతో ముద్ద చేసి రుద్దడానికి వాడుకోండి, గీత పాడవకుండా మురికి లాగుతుంది.

ఇక ఆ రబ్బరు పట్టీ. అది సిలికాన్. గోడా నేలా కలిసే చోట గ్రౌట్ వేస్తే చిన్న కదలికకే పగిలిపోతుంది, అందుకని సాగే సిలికాన్ వేస్తారు, మీ మేస్త్రి ఆ పని సరిగ్గానే చేశాడు. దాని మీద నలుపు పైపైన ఉంటే ఒక చిట్కా ఉంది. టిష్యూ కాగితాన్ని తాడులా పేని, పైన చెప్పిన బ్లీచ్ నీళ్లలో ముంచి, పట్టీ వెంబడి పరిచి రెండు మూడు గంటలు వదిలేయండి, నిలువు గోడ మీద జారిపోకుండా మందు అక్కడే ఉంటుంది. తలుపు మూసి, బాబు అటు వెళ్లకుండా చూసుకోండి. అలా చేసినా నలుపు అలాగే ఉంటే అది సిలికాన్ లోపలికో వెనక్కో వెళ్లిపోయిందని అర్థం, ఇక ఎన్ని రసాయనాలు పోసినా లాభం లేదు. బ్లేడుతో రెండు అంచులూ కోసి మొత్తం లాగేయండి. కింద ఉన్న మసిలాంటి నలుపు చూస్తే మీకే ఒళ్లు జలదరిస్తుంది. ఆ సందు శుభ్రం చేసి, కనీసం ఒక రోజంతా ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి, బూజు నిరోధక మందు కలిసిన బాత్రూమ్ సిలికాన్ వేయించండి. తడి మీద వేస్తే అతుక్కోదు, పైగా తడిని లోపల పెట్టి మూత వేసినట్టే. వేశాక 24 గంటలు నీళ్లు తగలకూడదు.

రాలుతున్న గీతల్ని కడిగి లాభం లేదు, అక్కడ కొత్త గ్రౌట్ పడాలి. టైల్స్ పీకాల్సిన పని లేదు. పాత గ్రౌట్‌ని రెండు మూడు మిల్లీమీటర్ల లోతున గీకి తీసేసి, దుమ్ము లేకుండా తుడిచి, కొత్తది నింపుతారు. పాతదాని మీదే పల్చగా పూత పూసేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, నెలల్లో పెచ్చులూడుతుంది. సిమెంట్ గ్రౌట్ వేయిస్తే పూర్తిగా ఆరాక, సీసా మీద రాసినన్ని రోజులు ఆగి, సీలర్ పట్టించాలి. సీలర్ లోపలికి ఇంకి నీళ్లు తొందరగా పీల్చుకోకుండా చేస్తుంది. అది ఉందో లేదో తెలియాలంటే గీత మీద నీటి చుక్క వేయండి, ముత్యంలా నిలబడితే ఉన్నట్టు, ముదురు రంగుకి మారి ఇంకిపోతే మళ్లీ వేసే టైమ్ వచ్చినట్టు. బూజు ఉండగా సీలర్ వేస్తే మాత్రం దాన్ని జాగ్రత్తగా ప్యాక్ చేసి దాచుకున్నట్టే.

రోజూ తడిసే షవర్ కింది వరసలకి నా ఓటు ఎపాక్సీ గ్రౌట్‌కే. సిమెంట్ బదులు జిగురులాంటి రెసిన్, దాన్ని గట్టిపరిచే మందు కలిపి వేస్తారు, నీళ్లు దాదాపు పీల్చుకోదు, సీలర్ అక్కర్లేదు. ఖరీదు ఎక్కువ, త్వరగా గట్టిపడుతుంది కాబట్టి చేయి తిరిగిన మేస్త్రే వేయాలి, ఆలస్యమైతే టైల్స్ మీద పొరలా అంటుకుని ఓ పట్టాన పోదు. అలాగని ఎపాక్సీకి బూజు రాదనుకోకండి, దాని మీద సబ్బు తెట్టె పేరుకుంటే ఆ తెట్టె మీద వస్తుంది, కాకపోతే తుడిస్తే పోతుంది.

ఇంత ఖర్చూ పెట్టాక మళ్లీ రాకుండా ఉండాలంటే స్నానం అయిన తర్వాతి రెండు నిమిషాలే కీలకం. ఆఖరుగా చేసినవాళ్లు గోడ మీద ఒక మగ్గు చన్నీళ్లు కొట్టి సబ్బు కడిగేసి, చిన్న రబ్బరు వైపర్‌తో పై నుంచి కిందికి లాగాలి. వైపర్ టైల్స్ మీది నీళ్లనే లాగుతుంది, గీతలు కాస్త లోతుగా ఉంటాయి కదా, వాటి వెంబడి ఓ పొడిగుడ్డ పోనివ్వండి, ముఖ్యంగా కింది రెండు వరసలూ మూలా. మా ఇంట్లో ఈ రూలు పెట్టినప్పుడు మొదటి వారం అందరూ విసుక్కున్నారు, వైపర్‌ని బకెట్ పక్కన కాకుండా టవల్ కొక్కేనికి తగిలించాక గుర్తుండటం మొదలైంది. షాంపూ, సబ్బు సీసాలు నేల మీంచి ఎత్తేసి తీగల స్టాండులో పెట్టండి. తడి టవల్, తడి చాప బాత్రూమ్‌లో ఆరేస్తే ఆ తేమంతా మళ్లీ గోడకే.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే స్నానంతో పాటు వేసి, అయ్యాక కూడా ఇరవై ముప్పై నిమిషాలు తిరగనివ్వండి. చాలామంది లైటుతో పాటే ఆపేస్తారు, సరిగ్గా అవసరమైనప్పుడు. ఫ్యాన్ తిరుగుతోంది కదా అని గాలి లాగుతోందనుకోకండి, ఓ టిష్యూ ముక్క దాని జాలీకి ఆనించి వదలండి, అతుక్కుని నిలబడాలి, రాలిపోయిందంటే దుమ్ము పేరుకున్నట్టు. తలుపు కింద సందు లేకపోతే లోపలికి గాలి రాదు, రాని గాలిని ఫ్యాన్ ఎక్కణ్నుంచి లాగుతుంది? తలుపు ఓరగా తీసి ఉంచండి. ఫ్యాన్ లేకపోతే కిటికీ, అదీ చాలకపోతే తలుపు బయట పొడి చోట టేబుల్ ఫ్యాన్ పెట్టి గంటసేపు లోపలికి తిప్పండి. ముసురు పట్టిన రోజుల్లో కిటికీ తెరిచినా బయటి గాలే తడిగా ఉంటుంది, అప్పుడు పొడిగుడ్డ మీదే భారం వేయాలి. వారానికోసారి గిన్నెల లిక్విడ్‌తో తేలిగ్గా కడగడం ఆపకండి, తిండి పేరుకోకుండా ఉంటుంది. ఉప్పునీళ్లు అయితే బిళ్ల సబ్బు తెట్టె ఎక్కువ కడుతుంది, లిక్విడ్ సోప్‌కి మారితే తేడా కనిపిస్తుంది.

ఇవన్నీ చేసి నెల గడిచాక గోడంతా బాగుండి ఏదో ఒక్క చోటే పదేపదే నల్లబడుతోందా, అప్పుడు అనుమానం గోడ లోపలి మీదికి మళ్లించండి. టైల్‌ని వేలి కణుపుతో తట్టండి, చుట్టుపక్కలవి గట్టిగా మోగి అక్కడ మాత్రం డొల్ల శబ్దం వస్తే, లేదా గోడ అవతలి వైపు గదిలో పెయింట్ ఉబ్బి పెచ్చులు లేస్తుంటే, పైపులో లీకేజో లోపలి వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతినడమో జరిగి ఉండాలి. గ్రౌట్ నీళ్లని ఆపే గోడ కాదు, ఆపాల్సింది టైల్స్ వెనక వేసిన పొర. ఆ పొర పోతేనే టైల్స్ పీకించే మాట, అది కూడా ప్లంబర్‌తో పైపులు పరీక్ష చేయించాక.

బాబు సంగతి. రుద్దే రోజు, కొత్త సిలికాన్, ఎపాక్సీ వేసే రోజు వాడు వేరే చోట ఉండేలా చూసుకోండి, వాసన పోయాకే తీసుకురండి. బూజు ఉబ్బసాన్ని రేపుతుంది కాబట్టి ఈ పని వాయిదా వేయొద్దు. మీరు చెప్పిన మూడు వరసల గీతలైతే మీరే చేసుకోగలరు, గోడ మీద ఒక చదరపు మీటరు మించి పరుచుకుపోతే అనుభవం ఉన్నవాళ్లని పిలవడం మేలు. ఆయాసం తగ్గకపోతే బాత్రూమ్‌లో బూజు ఉందన్న విషయం డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, మనం మామూలుగా చెప్పం, వాళ్లు అడగరు.

మీవారి నల్ల గ్రౌట్ ఐడియా విని నవ్వొచ్చింది, మా ఇంట్లోనూ ఇదే మాట వచ్చింది. బూజు కనపడదు, నిజమే, కానీ అక్కడే ఉంటుంది, పైగా నల్ల గ్రౌట్ మీద సబ్బు తెట్టె తెల్లటి చారలుగా తేలి మీరు దాన్ని రుద్దడం మొదలుపెడతారు. రంగు మార్చాలనే ఉంటే మధ్యస్థమైన బూడిద రంగు అడగండి.